రోకలి చప్పుడు, రెండు చదువులు

శ్రోతలకు నమస్కారం. లా, ఎకనామిక్స్ రెండూ కలిపి పై చదువు చదవాలనుకునేవాళ్లు ఈమధ్య తరచూ సలహా అడుగుతున్నారు. వాళ్లకు నేను ముందు ఒక పాత కేసు చెబుతాను. మీకూ అదే చెబుతాను.

స్టర్జెస్ వర్సెస్ బ్రిడ్జ్‌మన్. 1879లో ఇంగ్లండ్‌లో తీర్పు వచ్చిన కేసు. లండన్‌లో ఒక మిఠాయి వ్యాపారి ఉండేవాడు. ఆయన వంటగదిలో రెండు పెద్ద రోళ్లు. 20 ఏళ్లకు పైగా అక్కడ దంపుడు సాగుతోంది. వెనక ఇంట్లోకి ఒక డాక్టరు వచ్చారు. ఎనిమిదేళ్లు ఏ గొడవా లేదు. తర్వాత ఆయన పెరటి చివర, సరిగ్గా ఆ వంటగదిని ఆనుకుని, రోగుల్ని చూసే గది కట్టుకున్నారు. ఇక రోగి గుండె చప్పుడు విందామంటే గోడ అవతల నుంచి రోకలి పోటు! డాక్టరు కోర్టుకెక్కారు, గెలిచారు.

లా క్లాసులో దీని మీద గంటసేపు వాదించుకోవచ్చు. అన్నేళ్లు దంచాడు కదా, వ్యాపారికి హక్కు వచ్చినట్టు కాదా? కాదంది కోర్టు. గది కట్టకముందు డాక్టరుకు ఇబ్బందే లేనప్పుడు, ఆయన ఎప్పుడు అడ్డుచెప్పగలిగేవారు? చక్కటి తర్కం.

1960లో రొనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త ఇదే కేసు తీసుకుని ఇంకో ప్రశ్న వేశారు. తీర్పు వచ్చిన మర్నాడు ఏం జరుగుతుంది? రోళ్ల వల్ల వచ్చే లాభం డాక్టరుకు కలిగే నష్టం కన్నా ఎక్కువైతే, వ్యాపారి డబ్బిచ్చి రాజీ చేసుకుంటాడు. తక్కువైతే రోళ్లు ఆగిపోతాయి. కేసు ఓడినా డాక్టరే డబ్బిచ్చి వాటిని ఆపించుకుంటారు. అంటే, బేరమాడటానికి ఖర్చేమీ లేకపోతే, రోళ్లు నడుస్తాయా ఆగుతాయా అన్నది తీర్పును బట్టి మారదు. ఎవరి జేబులోంచి డబ్బు పోతుందన్నదే మారుతుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నాకు మాత్రం దీని తర్వాతి మాటే ముఖ్యం. గోడకు ఇటూ అటూ ఇద్దరే కాక, ఒక ఫ్యాక్టరీ, దాని పొగ పీల్చే వేలమంది ఉన్నారనుకోండి. అంతమంది కూర్చుని బేరం తేల్చుకోలేరు. అప్పుడు చట్టం హక్కు ఎవరి చేతిలో పెట్టిందన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. కోస్‌కు 1991లో నోబెల్ రావడానికి ఈ ఆలోచనా ఒక కారణం.

ఈ రెండు ప్రశ్నలూ ఒకే మనిషి వేసుకోగలగాలి. జాయింట్ డిగ్రీ అందుకే. రెండు పట్టాలుంటే ఉద్యోగం సులువుగా వస్తుందని దీనిలోకి రావద్దని గట్టిగా చెబుతాను. కోర్టులో వాదించడమే మీ కోరికైతే లా చదివి, పక్కన రెండు ఎకనామిక్స్ కోర్సులు తీసుకుంటే చాలు. పరిశోధన, బోధన, వ్యాపారాల మధ్య పోటీని కాపాడే చట్టాల అమలు, విధానాల రూపకల్పన, ఇలాంటి పనుల మీద మనసున్నవాళ్లకే ఇన్నేళ్ల శ్రమ తగినది.

ఎన్నేళ్లంటారా? అమెరికాలో లా డిగ్రీ, అంటే జేడీ, మూడేళ్లు. ఎకనామిక్స్ పీహెచ్‌డీకి ఐదారేళ్లు. కలిపి చేస్తే కొన్ని కోర్సులు రెండువైపులా లెక్కకొస్తాయి కాబట్టి ఏడాదో రెండేళ్లో మిగులుతాయి. చాలాచోట్ల రెండు విభాగాలకూ విడివిడిగా అప్లై చేయాలి. ఒకరు సీటిచ్చారని రెండోవాళ్లు ఇవ్వాలని లేదు. అంత కాలం వద్దనుకుంటే, యూరప్‌లో 1990 నుంచి లా, ఎకనామిక్స్ కలిపిన ఏడాది మాస్టర్స్ కోర్సు ఉంది. ఆ ఏడాదిలోనే రెండు మూడు యూనివర్సిటీల్లో చదవొచ్చు.

కష్టం సిలబస్‌లో ఉంటుందనుకుంటారు గానీ, అసలు కష్టం అటూ ఇటూ మారడంలో ఉంది. పీహెచ్‌డీ మొదటి ఏడాది మైక్రో, మాక్రో అనే ఆర్థిక సిద్ధాంతాలు, లెక్కలతో డేటాను పరీక్షించే ఎకనామెట్రిక్స్, ఆపైన పాసైతేనే ముందుకెళ్లనిచ్చే క్వాలిఫయింగ్ పరీక్షల టెన్షన్. అక్కడ ప్రొఫెసర్ బోర్డు దగ్గరికెళ్లి "ఇద్దరికీ అన్నీ తెలుసనుకుందాం" అని లెక్క మొదలుపెడతారు. లా క్లాసులో ఆ మాటంటే, "ఎందుకనుకోవాలి? ఎవరికి తెలుసు? రుజువేది?" అని ఆపేస్తారు. ఒకచోట ప్రయాణం మొదలయ్యే మాట దగ్గరే రెండోచోట తగాదా మొదలవుతుంది. దీనికి అలవాటు పడటానికి టైం పడుతుంది. ఆ ఏడాది తెలివి తగ్గిపోయిందేమో అనిపిస్తుంది. భయపడకండి. తగ్గలేదు.

ఇంకో మాట, డబ్బు గురించి. పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. లా చదువుకు చాలావరకు ఫీజు మనదే. జాయింట్ కోర్సులో లా చదివే ఏళ్ల ఫీజు ఎవరు కడతారో చేరకముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. మెడ మీద పెద్ద అప్పుంటే, పరిశోధన కోసం వచ్చిన మనిషి కూడా జీతం ఎక్కువిచ్చే లా ఫర్మ్ వైపు నడవాల్సి వస్తుంది.

అప్లికేషన్ తెరవకముందు ఒక పని చేయండి. ఆ 1879 తీర్పు, 1960 నాటి కోస్ వ్యాసం, రెండూ ఒకే వారంలో చదవండి. వ్యాసంలో భయపెట్టే గణితం లేదు, కూడికలూ తీసివేతలే. చదివాక తీర్పు దగ్గరికే మళ్లీ వెళ్లాలనిపిస్తే లా చదవండి. వ్యాసం ఒక్కటే లాగితే ఎకనామిక్స్‌కు వెళ్లండి. తీర్పు చదువుతుంటే వ్యాసం, వ్యాసం చదువుతుంటే తీర్పు గుర్తొస్తున్నాయా? అయితే రెండు విభాగాల అప్లికేషన్ల చివరి తేదీలు ఈ రోజే రాసి పెట్టుకోండి.

నమస్కారం.