ఇంటి నిండా బావలే, రాఖీ ఎవరికి కట్టను?

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ వంట వీడియో కాదు. దీపావళి దగ్గర పడుతోంది కదా, చాలా రోజులుగా నా మనసులో ఉన్న ఒక సంగతి మీతో చెప్పుకోవాలని కూర్చున్నాను. అమ్మానాన్నలకి నేను ఒక్కదాన్నే. మీలో కూడా అలా ఒక్కళ్లే పుట్టి, ఈ పండగలొచ్చినప్పుడు ఏం చేయాలో తోచని వాళ్లుంటారు. ముఖ్యంగా వాళ్ల కోసం చెబుతున్నాను.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా ఊరు అంబాజీపేట దగ్గర, కాలువ గట్టునే మా ఇల్లు. ఆ రోజుల్లో స్పాంజి పువ్వు రాఖీలు వచ్చేవి, గుర్తున్నాయా? అరచేయంత ఉండేవి, మధ్యలో బంగారు రంగు కాగితం మెరుస్తూ ఉండేది. బళ్లో ఆడపిల్లలందరూ కొనుక్కుంటున్నారని నేనూ ఒకటి కొన్నాను. ఇంటికొచ్చేసరికి మేనత్తల పిల్లలు దిగి ఉన్నారు. నేరుగా అందరిలోకి పెద్దవాడి దగ్గరికెళ్లి చెయ్యి చాపమన్నాను. ఇంతలో పెరట్లోంచి మా నాయనమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "ఓసి పిచ్చితల్లీ, వాడు నీకు బావే! బావకి రాఖీ కడతారటే ఎవరైనా?" అంది. అందరూ నవ్వారు. మర్నాడు అమ్మమ్మ గారింటికి తీసుకెళ్తే అక్కడా అదే మాట. అక్కడున్నది మామయ్యల కొడుకులు మరి.

మా నాన్నకి ముగ్గురు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు లేరు. మా అమ్మకి ఇద్దరు అన్నయ్యలు, అక్కచెల్లెళ్లు లేరు. తెలుగింట్లో తోడబుట్టకపోయినా అన్నదమ్ములు దొరికేది పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని, ఈ నలుగురి ఇళ్ల నుంచే. నాకు ఆ నలుగురిలో ఒక్కరూ లేరు. హైదరాబాద్‌లో పిల్లలు అందరినీ కలిపి కజిన్స్ అనేస్తారు. మన భాషలో ఆ మాటే లేదు. అత్త కొడుకు బావ, బాబాయి కొడుకు అన్నయ్య, ఈ రెండూ ఎప్పటికీ ఒకటి కావు. అలా ఇంటి నిండా పిల్లలు ఉండి కూడా నేను "ఒంటికాయ సొంటికొమ్ము" అనిపించుకున్నాను. మా అత్తయ్యలు ముద్దుగానే అనేవాళ్లు. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

ఆ స్పాంజి రాఖీ చివరికి కట్టింది బోదె, అంటే చిన్న పంట కాలువ, అవతలి ఇంటి అబ్బాయికి. వాళ్ల నాన్నది కొబ్బరి దింపు పని. నాకన్నా రెండు తరగతులు పెద్ద. బడికెళ్లేటప్పుడు కొబ్బరి దుంగ వంతెన మీద నా చెయ్యి పట్టుకుని దాటించేవాడు. నేను అన్నయ్యా అనేదాన్ని, తను చెల్లెమ్మా అనేవాడు. పిన్నీ అన్న పిలుపు నా నోట మొదట పలికింది వాళ్లమ్మ కోసమే. ఆ రోజు రాఖీ కట్టించుకుని, వాళ్ల నాన్న దించిన బొండం ఒకటి కొట్టించి తెచ్చాడు. నీళ్లు తాగాక లోపలి మీగడ చెరిసగం తిన్నాం.

గోదావరి జిల్లాల్లో వరసలు కలుపుకోవడం మీకు కొత్తేం కాదు. ఊళ్లో ఎవరినీ ఉత్తి పేరు పెట్టి పిలవం. కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. వాళ్ల కులం వేరు, మా కులం వేరు. ఆ పిలుపులన్నీ మా ఇంటి అరుగు దగ్గర ఆగిపోయేవి. అన్నయ్య అరుగు మీద కూర్చునేవాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. చిన్నప్పుడు నాకది తెలియలేదు. తెలిసే వయసు వచ్చాక కూడా ఊరుకున్నాను. దానికి ఇప్పటికీ బాధపడతాను.

2011లో నా పెళ్లి. లాజహోమం దగ్గర పెళ్లికూతురి దోసిట్లో అన్నో తమ్ముడో పేలాలు పోయాలి, ఆ పేలాలు అగ్నిలో వేయాలి. పురోహితుడు గారు "అమ్మాయి అన్నదమ్ములు రండి" అన్నారు. ఎవరూ కదల్లేదు. నాన్న కంగారుగా చుట్టూ చూసి, దూరపు చుట్టాల్లో అన్న వరస అయ్యే ఒకాయన్ని పిలుచుకొచ్చారు. ఆయన పేరు నాకు అప్పుడు తెలీదు. ఆ తర్వాత మళ్లీ చూడనూ లేదు. ఆయన పేలాలు పోస్తుంటే నేను తలెత్తి చూశాను. పందిరి చివర, వంటల దగ్గర, కొబ్బరికాయల బస్తా దించుతూ అన్నయ్య కనిపించాడు. అప్పగింతలయ్యాక కారు దగ్గరికొచ్చి, పెద్దవాళ్లంతా ఉన్నారని కాబోలు, "వెళ్లిరండి అమ్మాయిగారూ" అన్నాడు. చిన్నప్పటి నుంచీ చెల్లెమ్మా అన్న మనిషి ఆ రోజు అలా అన్నాడండీ. అమలాపురం చేరేదాకా ఆ మాటే చెవిలో ఉంది.

ఆ ఏడాదే కార్తీక మాసంలో భగినీ హస్త భోజనం వచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇది కార్తీక శుద్ధ విదియ నాడు వస్తుంది, యమ ద్వితీయ అని కూడా అంటారు. ఉత్తరాదిలో భాయి దూజ్ చేసుకునేది ఈ రోజే. యమధర్మరాజుని చెల్లెలు యమున ఎన్నోసార్లు భోజనానికి పిలిచిందట. ఆయనకి పని తెమలదు కదా. చివరికి ఓ రోజు వెళ్లి, ఆవిడ చేతి వంట తిని, సంతోషపడి వరం కోరుకోమన్నాడు. ఈ రోజున చెల్లెలి చేతి అన్నం తిన్నవాడికి నీ భయం ఉండకూడదని ఆవిడ అడిగింది. మా వైపు పెద్దవాళ్లకి రాఖీ కన్నా ఇదే దగ్గర. మా నాయనమ్మకి శ్రావణ పౌర్ణమి అంటే జంధ్యాల పౌర్ణమే. రాఖీ మా ఇళ్లలోకి వచ్చింది ఎక్కువగా బళ్ల నుంచి, టీవీల నుంచి.

పాత వ్రత గ్రంథాల్లో ఈ రోజు సోదరీమణులందరినీ గౌరవించమని చెబుతూ, పక్కనే రెండు మాటలు పెట్టారు: "అభావే ప్రతిపన్నకాః". సొంతవాళ్లు లేకపోతే, సోదరిగా అంగీకరించినవాళ్లని పూజించమని. నాలాంటి వాళ్ల సంగతి కొన్ని వందల ఏళ్ల కిందటే ఎవరో ఆలోచించారు! అది చదివిన రోజు ఆ రెండు మాటలూ నోట్‌బుక్‌లో రాసుకుని ఎన్నిసార్లు చూసుకున్నానో.

ఫోన్ చేసి, "అన్నయ్యా, విదియ రోజు మా ఇంటికి భోజనానికి రా" అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత "ఎందుకులే చెల్లెమ్మా, మీ అత్తారిల్లు" అన్నాడు. "రాకపోతే నేనే కేరేజీ కట్టుకుని వస్తాను" అన్నాక ఒప్పుకున్నాడు.

పొద్దున్నే లేచి కందబచ్చలి కూర, ఆవ పెట్టి పనసపొట్టు, పులిహోర, పూర్ణం బూరెలు చేశాను. పదకొండింటికి వచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే వదిలి, అలవాటుగా అరుగు మీద కూర్చున్నాడు. "లోపలికి రా అన్నయ్యా" అన్నాను. పదిహేనేళ్లు ఆలస్యంగా అన్న మాట అది. మా అత్తగారు బయటికొచ్చి ఎవరమ్మా అని అడిగారు. మా అన్నయ్య అండీ అన్నాను. ఆవిడ ఓ క్షణం నా మొహం చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్లి, తనే ఆకు వేశారు. భోజనం మధ్యలో "మీ అన్నయ్యకి ఇంకాస్త నెయ్యి వెయ్యి" అని ఆవిడ అంటే నాకు కళ్లు మసకబారాయి. అన్నయ్య తలవంచుకుని తిన్నాడు. కందబచ్చలి మాత్రం మారు వడ్డించమన్నాడు.

భోజనం పెట్టిన చెల్లెలికి అన్నగారు చీరో ఏదో పెట్టాలి కదా. మోటార్ సైకిల్ వెనక కట్టుకొచ్చిన రెండు కొబ్బరి మొక్కలు దించాడు. "చీరలు ఎంచడం నాకు రాదు చెల్లెమ్మా. ఏ మొక్క బాగా కాస్తుందో మాత్రం తెలుసు" అన్నాడు. పెరట్లో గొయ్యి తీసి తనే పాతి వెళ్లాడు. 2018లో మొదటి గెల వేశాయి. ఆ కాయలు దింపడానికి కూడా తనే వచ్చాడు.

మీరు అంతర్వేది తీర్థానికి వెళ్లారా? భీష్మ ఏకాదశి నాడు లక్ష్మీ నరసింహస్వామి రథం గుర్రాలక్క గుడికి వెళ్తుంది. ఆవిడ స్వామికి సోదరి అని, తోబుట్టువుకి చీర పెట్టి వస్తాడని మా వైపు చెప్పుకుంటారు. రక్తావలోచనుడనే రాక్షసుడితో యుద్ధంలో, వాడి నెత్తురు నేల మీద పడకుండా కాసిన శక్తి ఆవిడ. కష్టంలో పక్కన నిలబడింది, అక్క అయింది. చిన్నప్పుడు రథం వెనక జనంలో నలుగుతూ నడిచానే గానీ ఈ సంగతి నాకు తట్టలేదు.

నాకూ ఒక్కతే కూతురు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో ఆడమనిషికి సగటున పుట్టే పిల్లల లెక్క, అదే సంతాన రేటు, 1.7 అని వచ్చింది. అంటే ఒక్కళ్లే పిల్లలున్న ఇళ్లు ఇక మన దగ్గర ఎక్కువే ఉంటాయి. ఒక్కళ్లే పుట్టినవాళ్లు ఇద్దరు పెళ్లి చేసుకుంటే వాళ్ల పిల్లలకి అత్త ఉండదు, మామ ఉండడు, బాబాయి, పిన్ని ఎవరూ ఉండరు. నా కూతురికైతే మేనమామ ఉన్నాడు. దానికి చెవులు కుట్టించినప్పుడు కూర్చున్నది అన్నయ్య ఒళ్లోనే. ఈసారి పందిట్లో మేనమామ ఎవరని అడగ్గానే మా నాన్న లేచి, తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

మీకెవరూ లేరనిపిస్తే ఈ విదియకి ఒకరిని భోజనానికి పిలవండి. అన్నయ్యే కానక్కర్లేదు, అక్కైనా సరే. వచ్చే ఏడూ పిలవండి, ఆ పై ఏడూ పిలవండి. ఒక్కసారి పెట్టి ఫోటో తీసుకుంటే వరస కలవదు. వాళ్లింట్లో జ్వరమొస్తే మీరు వెళ్లాలి, మీ అమ్మ ఆసుపత్రిలో ఉంటే వాళ్లు రాత్రికి పడుకోవడానికి రావాలి. మా ఇద్దరికీ ఇవన్నీ అయ్యాయి.

మొన్న శ్రావణ పౌర్ణమికి మా అమ్మాయి బళ్లోంచి రాఖీ తెచ్చుకుంది. అన్నయ్య కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. చెయ్యి చాపమని, మధ్యలో ఆగి నావైపు తిరిగింది. "అమ్మా, వీడు నాకు బావ కదా. కట్టచ్చా?" అంది. నాకు నాయనమ్మ చెయ్యి గుర్తొచ్చింది. పురాణంలో యుద్ధానికి వెళ్లే ఇంద్రుడికి రక్ష కట్టింది శచీదేవి. చెల్లెలు కాదు, భార్య. ఆ కథ చెప్పి, "నీకు వీడు క్షేమంగా ఉండాలని ఉందా?" అని అడిగాను. ఊఁ అంది.

"అయితే కట్టు" అన్నాను.

మూడు ముళ్లు వేసింది. వాడు ఆ సాయంత్రం కాలువలో ఈతకెళ్లాడు, తడిసి రంగు దిగిపోయినా వినాయక చవితి దాకా చేతికి ఉంచుకున్నాడు.