ఏసీ మెకానిక్, స్కానింగ్ టెక్నీషియన్: ఈ రెండు కోర్సుల్లో అసలేం నేర్పుతారు?

[దృశ్యం: ఆసుపత్రి మేడ మీద హోరుమని తిరుగుతున్న చిల్లర్ ఫ్యాన్లు. తర్వాత కింద ఎంఆర్‌ఐ గది తలుపు.]

వ్యాఖ్యాత: నమస్కారం. ఎంఆర్‌ఐ యంత్రం లోపల ఒక పెద్ద అయస్కాంతం ఉంటుంది. దాని తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీల చలిలో, ద్రవ హీలియం సాయంతో పనిచేస్తాయి. ఆ హీలియం ఆవిరైపోకుండా ఒక కంప్రెసర్ రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. ఆ కంప్రెసర్ వేడెక్కకుండా చల్లటి నీళ్లు పంపేది మేడ మీదున్న ఈ చిల్లర్. ఇది ఆగిందంటే కింద స్కానింగ్ ఆగినట్టే. ఇంకా ఆలస్యం చేస్తే ఖరీదైన హీలియం ఆవిరవడం మొదలవుతుంది.

అంటే కింద రోగిని స్కాన్ చేసే టెక్నీషియన్‌కి, పైన చిల్లర్ చూసే మెకానిక్ కావాల్సిందే. టెన్త్, ఇంటర్ అయ్యాక "ఇంజనీరింగా, డిగ్రీనా" అని మాత్రమే ఆలోచించే ఇళ్లలో ఈ రెండు కోర్సుల గురించి కూడా మాట్లాడుకోవాలని నా కోరిక.

[దృశ్యం: ఐటీఐ వర్క్‌షాపు. బల్ల మీద విప్పిన కంప్రెసర్, రాగి గొట్టాలు, గేజులు.]

ముందు ఏసీ సంగతి. ఐటీఐలో "రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్" అనే ట్రేడ్ ఉంది. పదో తరగతి పాసైతే చాలు, రెండేళ్లు.

ఏసీ చలిని పుట్టించదు. గదిలో ఉన్న వేడిని తీసుకెళ్లి బయట వదిలేస్తుంది. వేసవిలో మట్టికుండ మీది చెమ్మ ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది కదా, అందుకే నీళ్లు చల్లబడతాయి. ఏసీ లోపలి కాయిల్‌లో గ్యాస్ చేసే పనీ అదే. కాకపోతే ఇక్కడ ఆవిరైన గ్యాస్‌ని కంప్రెసర్ గట్టిగా నొక్కి ఔట్‌డోర్ యూనిట్‌కి పంపుతుంది. అక్కడ అది వేడిని వదిలి ద్రవమై, సన్నటి దారిగుండా మళ్లీ లోపలికి వస్తుంది. అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది.

ఇది అర్థమైతే ఒక విషయం తేలిపోతుంది. "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి" అని మీరు వినే ఉంటారు. బండిలో పెట్రోల్ అయిపోయినట్టు ఏసీలో గ్యాస్ అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. ఆ లీకు పట్టుకోకుండా నింపితే కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. మన డబ్బు పోతుంది, ఆ గ్యాస్ గాల్లో కలుస్తుంది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 అనే గ్యాస్ ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కాబట్టే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని దేశదేశాలూ వదిలేస్తున్నాయి.

[తెర మీద: లీకు పట్టడం – నైట్రోజన్ – వాక్యూమ్ – గ్యాస్]

బాగా శిక్షణ పొందిన మెకానిక్ పని వరస ఇలా ఉంటుంది. గొట్టాల్లోకి నైట్రోజన్‌ని ఒత్తిడితో పంపి, అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూస్తాడు. అతుకు సరిచేశాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనీ పూర్తిగా లాగేస్తాడు. ఆ తర్వాతే గ్యాస్, అదీ తూకం వేసి. వాక్యూమ్ చేయకుండా హడావిడిగా నింపేస్తే లోపల మిగిలిన తేమ నూనెతో కలిసి కంప్రెసర్‌ని మెల్లగా తినేస్తుంది.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. నైట్రోజన్ లేదు కదా అని ఆక్సిజన్ సిలిండర్ తగిలించకూడదు. కంప్రెసర్ నూనె, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కలిస్తే పేలుడే. ఇప్పుడు ఏసీల్లో వస్తున్న ఆర్-32 కూడా కొద్దిగా మండే గ్యాసే, ఆర్-290 అయితే ప్రొపేన్, బాగా మండుతుంది. పక్కన చూసి నేర్చుకున్న అబ్బాయిలకు చెయ్యి తిరుగుతుంది, నేను కాదనను. కానీ ఈ ప్రమాదాలు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్తేనే తెలుస్తాయి.

[దృశ్యం: ఎక్స్‌రే గది. ప్లేటుకి ఛాతీ ఆనించి నిలబడ్డ వ్యక్తి.]

ఇక ఇమేజింగ్, అంటే ఎక్స్‌రే, స్కానింగ్ యంత్రాలతో ఒంటి లోపలి బొమ్మలు తీసే పని. మన రెండు రాష్ట్రాల్లోనూ పారామెడికల్ బోర్డుల కింద డీఎంఐటీ (డిప్లొమా ఇన్ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ) అనే రెండేళ్ల డిప్లొమా ఉంది, ఇంటర్ తర్వాత. బైపీసీ వాళ్లకు మొదటి అవకాశం.

జర్మన్ శాస్త్రవేత్త రోంట్‌జెన్ ఎక్స్‌రేని కనుక్కున్నది 1895లో. ఇరవై ఏళ్లు తిరక్కుండానే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. గాయపడ్డ సైనికుల ఒంట్లో తూటా ఎక్కడుందో చూడాలి, యంత్రాలున్నా నడిపేవాళ్లు చాలరు. మేరీ క్యూరీ ఎక్స్‌రే బండ్లు తయారుచేయించి, సుమారు 150 మంది మహిళలకు తానే దగ్గరుండి పని నేర్పించింది. రెండు నోబెల్ బహుమతులు పొందిన మనిషి! ఆమెకు ఈ పని నేర్పడం చిన్నదనిపించలేదు.

బటన్ నొక్కడమే కదా అనుకుంటారు చాలామంది. ఛాతీ ఎక్స్‌రేకి మనల్ని అటు తిప్పి, ఛాతీని ప్లేటుకి ఆనించి ఎందుకు నిలబెడతారు? గుండె ముందువైపు ఉంటుంది. ప్లేటుకి దగ్గరగా ఉంటే దాని నీడ అసలు కొలతకు దగ్గరగా పడుతుంది. పడుకోబెట్టి ముందునుంచి తీస్తే గుండె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ఊపిరి బిగబట్టమనేది ఊపిరితిత్తులు నిండి పూర్తిగా కనబడాలని. ఇవి తప్పితే డాక్టర్ తప్పు బొమ్మ చూస్తారు, లేదా మళ్లీ తీయాలి. మళ్లీ తీయడమంటే రోగికి మళ్లీ రేడియేషన్.

టెక్నీషియన్ ఛాతీ దగ్గర రేడియేషన్‌ని కొలిచే చిన్న టీఎల్‌డీ బ్యాడ్జ్ పెట్టుకుంటారు. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబ్‌కి పంపి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క చూస్తారు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే లెక్క ఇది), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. వార్డులో పోర్టబుల్ ఎక్స్‌రే తీసేటప్పుడు టెక్నీషియన్ రోగికి ఒక మీటరు దూరం నుంచి రెండు మీటర్ల దూరానికి జరిగితే తగిలే రేడియేషన్ నాలుగో వంతే.

ఎంఆర్‌ఐలో ఎక్స్‌రేలు ఉండవు, కానీ అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. స్కాన్ జరగనప్పుడు కూడా. 2018 జనవరిలో ముంబైలో ఒక యువకుడు బంధువుకి తోడుగా ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లాడు. అయస్కాంతం లాగేసింది, ప్రాణం పోయింది. ఆ తలుపు దగ్గర "ఆగండి" అనగలిగే మనిషి ఉండాలి. ఆ మనిషే టెక్నీషియన్.

డీఎంఐటీ చేశాక ఏం చేయకూడదో కూడా తెలుసుకోండి. అల్ట్రాసౌండ్ చేసే అధికారం అర్హత ఉన్న డాక్టర్లదే. స్కాన్ చూసి జబ్బు పేరు చెప్పడం, రిపోర్టు రాయడం రేడియాలజిస్టు పని.

[దృశ్యం: అడ్మిషన్ కౌంటర్. తల్లి, కొడుకు.]

చేరేముందు కాలేజీకి వెళ్లి వర్క్‌షాపు చూపించమని అడగండి. వాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండర్ ఉన్నాయా? విద్యార్థులు వాటిని ముట్టుకుంటున్నారా, దూరం నుంచి చూస్తున్నారా? డీఎంఐటీ అయితే క్లినికల్ శిక్షణ ఏ ఆసుపత్రిలో, అక్కడ సీటీ, ఎంఆర్‌ఐ ఉన్నాయా, బ్యాడ్జ్ ఇస్తారా? రెండో సంవత్సరం చదువుతున్న పిల్లల్ని పక్కకు పిలిచి ఇవే ప్రశ్నలు మళ్లీ అడగండి. ఐటీఐకి కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం డీజీటీ గుర్తింపు (ఇదివరకు ఎన్‌సీవీటీ గుర్తింపు అనేవారు), డీఎంఐటీకి మీ రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో మీరే స్వయంగా చూసుకుని, ఆ తర్వాతే ఫీజు కట్టండి.