ఈ ఐపీ అడ్రస్ ఏ కంప్యూటర్‌ది? ఎన్‌ఎస్‌లుకప్, ఎన్‌బీటీస్టాట్ కమాండ్లతో తెలుసుకోవడం

[తెరపై: రౌటర్ పేజీలో పరికరాల జాబితా. 192.168.1.25 పక్కన పేరు ఖాళీగా ఉంది.]

వ్యాఖ్యానం: నమస్కారం. ఆఫీసులోనో కాలేజీ ల్యాబ్‌లోనో నెట్‌వర్క్ చూసుకునేవారికి తరచుగా ఎదురయ్యే సమస్య ఇది. జాబితాలో ఒక అడ్రస్ కనిపిస్తుంది కానీ అది ఏ కంప్యూటర్‌దో తెలియదు. దీన్ని తేల్చడానికి విండోస్‌లో ఒకటికి మించి కమాండ్లు ఉన్నాయి. అవి ఒకే ప్రశ్నను వేర్వేరు చోట్ల అడుగుతాయి కాబట్టి జవాబులు కలవకపోవచ్చు. ఏ కమాండ్ ఎవరిని అడుగుతోందో తెలిస్తేనే దాని జవాబును ఎంతవరకు నమ్మాలో నిర్ణయించుకోగలం.

[తెరపై: కమాండ్ ప్రాంప్ట్‌లో "ఎన్‌ఎస్‌లుకప్ 192.168.1.25"]

వ్యాఖ్యానం: ఎన్‌ఎస్‌లుకప్ అడిగేది డీఎన్‌ఎస్ సర్వర్‌ను, అంటే కంప్యూటర్ పేర్లు, వాటి అడ్రస్‌ల వివరాలు ఉంచే సర్వర్‌ను మాత్రమే. మనం అడ్రస్ ఇస్తే అది అంకెలను వెనుక నుంచి ముందుకు 25.1.168.192 అని పేర్చి, ఆ పేరు మీద పీటీఆర్ రికార్డు (అడ్రస్‌ను బట్టి పేరు చెప్పే నమోదు) ఉందా అని సర్వర్‌ను 53వ పోర్టులో అడుగుతుంది. తెరపై మొదట కనిపించే సర్వర్, అడ్రస్ అనే రెండు వరుసలు జవాబు కావు, అవి ప్రశ్న ఎవరికి వెళ్లిందో చెబుతాయి. కొత్తగా నేర్చుకునేవారు చాలామంది ఇక్కడే పొరబడతారు. "నాన్ ఎగ్జిస్టెంట్ డొమైన్" అని వస్తే కంప్యూటరే లేదని కాదు, ఆ సర్వర్ దగ్గర రికార్డు లేదని అర్థం. 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు ఎన్నో ఇళ్లలో, ఆఫీసుల్లో ఒకే విధంగా ఉంటాయి కనుక, 8.8.8.8 వంటి పబ్లిక్ సర్వర్‌ను అడిగి మన ల్యాబ్‌లోని కంప్యూటర్ పేరు తెలుసుకోవడం సాధ్యం కాదు.

[తెరపై: "ఎన్‌బీటీస్టాట్ -ఏ 192.168.1.25". పెద్ద అక్షరం ఏ చుట్టూ గుర్తు.]

వ్యాఖ్యానం: ఎన్‌బీటీస్టాట్ నేరుగా ఆ కంప్యూటర్‌నే యూడీపీ 137వ పోర్టులో అడుగుతుంది. ఇక్కడ అడ్రస్ ఇచ్చేటప్పుడు ఇంగ్లిష్ పెద్ద ఏ, పేరు ఇచ్చేటప్పుడు చిన్న ఏ వాడాలి. నెట్‌బయాస్ అంటే స్థానిక నెట్‌వర్క్‌లో విండోస్ కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేరుతో గుర్తించే పాత పద్ధతి. నెట్‌బయాస్ పేరుకు 16 బైట్లు ఉంటాయి. వాటిలో 15 పేరుకు పోగా చివరిది ఆ పేరు ఏ సేవకు చెందినదో చెబుతుంది. పట్టికలో 00, యూనిక్ అని ఉన్న వరుసలోనిది కంప్యూటర్ పేరు. 00, గ్రూప్ అని ఉంటే అది వర్క్‌గ్రూప్ లేదా డొమైన్ పేరు. 20 అని ఉంటే ఆ కంప్యూటర్‌లో ఫైల్ షేరింగ్ సేవ నడుస్తోందని గ్రహించాలి. అడుగున వచ్చే మ్యాక్ అడ్రస్‌ను, అంటే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యను తప్పక రాసిపెట్టుకోండి.

"హోస్ట్ నాట్ ఫౌండ్" అని వస్తే కంప్యూటర్ ఆపి ఉండవచ్చు, ఫైర్‌వాల్ అడ్డుకుని ఉండవచ్చు, లేదా నెట్‌బయాస్‌నే నిలిపివేసి ఉండవచ్చు. ఫోన్లు సాధారణంగా ఈ ప్రశ్నకు బదులివ్వవు. లైనక్స్‌లో సాంబా ప్యాకేజీతో వచ్చే ఎన్‌ఎంబీలుకప్ ఇదే పని చేస్తుంది.

[తెరపై: నోట్‌ప్యాడ్‌లో హోస్ట్స్ ఫైలు]

వ్యాఖ్యానం: పేరు ఇచ్చి అడ్రస్ వెతికేటప్పుడు మరో చిక్కు ఉంది. పింగ్ (ఒక కంప్యూటర్ బదులిస్తోందా అని చూసే కమాండ్), బ్రౌజర్ హోస్ట్స్ ఫైలులో, అంటే మన కంప్యూటర్‌లోనే పేర్లు, అడ్రస్‌లు రాసుకునే ఫైలులో రాసినదాన్ని పాటిస్తాయి, ఎన్‌ఎస్‌లుకప్ మాత్రం ఆ ఫైలును చూడదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించక ముందు, ఇంటర్నెట్‌కు ముందు నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఇలాంటి ఒకే ఫైలులో ఉండేవి. మన కంప్యూటర్లలోని హోస్ట్స్ ఫైలు ఆనాటి పద్ధతికి కొనసాగింపే. అందువల్ల ఎన్‌ఎస్‌లుకప్ ఒక అడ్రస్, పింగ్ మరో అడ్రస్ చూపితే ముందుగా ఈ ఫైలును తెరవండి. అందులో ఏమీ లేకపోతే, పాత జవాబు నిల్వ ఉండిపోయిందేమోనని "ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్" నడిపి మళ్లీ అడగండి.

[తెరపై: "ఏఆర్‌పీ -ఏ" ఫలితం, పక్కనే రౌటర్ జాబితా]

వ్యాఖ్యానం: ఎన్‌బీటీస్టాట్ చూపే పేరు ఆ కంప్యూటర్ తన గురించి తాను చెప్పుకున్నదే, దాని యజమాని ఎప్పుడైనా మార్చుకోగలడు. కాబట్టి పేరు దొరికినా, దొరకకపోయినా, "ఏఆర్‌పీ -ఏ" (ఐపీ అడ్రస్‌ల పక్కన మ్యాక్ అడ్రస్‌లు చూపే కమాండ్) చూపే మ్యాక్ అడ్రస్‌ను రౌటర్ జాబితాతోను, మీ ఆఫీసు పరికరాల రిజిస్టరుతోను సరిచూసిన తరువాతే ఆ కంప్యూటర్‌పై ఏ చర్య అయినా తీసుకోండి.