కేబుల్ పెడితే నెట్ పోతోందా? లాన్, వైఫై రెండూ ఒకేసారి వాడుకోవడం ఎలాగో చూడండి

హాయ్ అండి, స్క్రీన్ కనిపిస్తోంది కదా. మేటర్ ఏంటంటే, మా అకౌంట్స్ ఆఫీసులో టాలీ, అంటే లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్, దాని డేటా మొత్తం ఒక సర్వర్ సిస్టంలో ఉంటుంది, లాన్ కేబుల్ పెట్టుకుంటేనే ఓపెన్ అవుతుంది, కానీ ఆ కేబుల్లో నెట్ రాదు. నెట్ కోసం ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసుకుంటాం. ఇక 20వ తారీఖు వచ్చిందంటే, త్రీబీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్ వెయ్యడానికి ఆఖరి రోజు, కేబుల్ పెడితే జీఎస్టీ పోర్టల్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, పీకితే పోర్టల్ వస్తుంది టాలీ పోతుంది. నేనైతే చాలా రోజులు అలా పీకుతూ పెడుతూ నెట్టుకొచ్చాను, చివరికి కేబుల్ చివర ఉండే ఆ ప్లాస్టిక్ క్లిప్పు కూడా విరిగింది, ఇదిగో చూడండి, పెడితే నిలబడదు.

అసలు రెండు కనెక్షన్లు ఉండటం విండోస్‌కి సమస్యే కాదండి. బయటికి పోవాల్సిన డేటాని ఏ దారిలో పంపాలి అన్నదగ్గరే గొడవంతా. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, ఆ నల్ల విండోలో రూట్ ప్రింట్ (route print) అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, మధ్యలో ఒక స్పేస్. ఇక్కడ పైన 0.0.0.0 తో మొదలయ్యే లైన్లు రెండు ఉన్నాయి చూశారా, ఒకదాని గేట్‌వే, అంటే బయటికి పోయే గేటు, 192.168.1.1, అది మన కేబుల్, రెండోది 172.20.10.1, అది నా ఐఫోన్ హాట్‌స్పాట్. చివర్లో మెట్రిక్ అని ఉంది కదా, కేబుల్‌కి 25, వైఫైకి 50. ఈ నంబర్ ఎవరికి తక్కువ ఉంటే నెట్ ట్రాఫిక్ వాళ్ళ వైపు పోతుంది. గిగాబిట్ లాన్ అయితే విండోస్ తనంతట తనే 25 ఇచ్చేస్తుంది, ఫాస్ట్‌గా ఉంది కదా అని. ఆ రూటర్ వెనకాల నెట్ ఉందా లేదా అన్నది ఈ నంబర్‌కి సంబంధం లేదు.

సరే, సెట్ చేద్దాం. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టండి. ఈథర్‌నెట్, అంటే మన కేబుల్, దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఐపీ వెర్షన్ 4 మీద డబుల్ క్లిక్. ఇక్కడ యూజ్ ద ఫాలోయింగ్ ఐపీ అడ్రస్ పెట్టి, మన ఆఫీస్ రేంజ్‌లో, అంటే మొదటి మూడు నంబర్లు ఆఫీసువే ఉంచి, ఎవరూ వాడని నంబర్ ఒకటి, నేను 192.168.1.60 ఇస్తున్నా, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి, డిఫాల్ట్ గేట్‌వే ఖాళీగా వదిలెయ్యండి. ఏమీ కొట్టొద్దు. కింద డీఎన్ఎస్ కూడా ఖాళీయే. ఓకే. ఇప్పుడు కేబుల్‌కి పక్క సిస్టంలు తప్ప బయటి ప్రపంచం తెలీదు, నెట్ మొత్తం వైఫై మీదే పోవాలి. ఈథర్‌నెట్ కింద నో ఇంటర్నెట్ అని చూపిస్తుంది, కంగారు పడకండి, మనకి కావాల్సింది అదే.

టాలీ సర్వర్ వేరే రేంజ్‌లో ఉంటే, ఉదాహరణకి 192.168.5 లో, ఇది చాలదు. నల్ల విండోని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేసి రూట్, స్పేస్, హైఫన్ పీ, స్పేస్, యాడ్ 192.168.5.0 మాస్క్ 255.255.255.0 192.168.1.1 అని ఇవ్వాలి. ఆ హైఫన్ పీ మర్చిపోతే రీస్టార్ట్ చేయగానే ఎగిరిపోతుంది.

ఇంకోటి, హాట్‌స్పాట్ బదులు ఇంట్లో వైఫై వాడేవాళ్ళు, మీ ఇంటి రూటర్ కూడా 192.168.1 రేంజే ఇస్తుంటే పైన చెప్పినదంతా చేసినా పని చెయ్యదు, రెండు వీధులకి ఒకటే పేరు పెడితే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు చెప్పండి. రెండిట్లో ఒక రూటర్‌లో రేంజ్ మార్చాల్సిందే.

ఈథర్‌నెట్, వైఫై రెండూ సెలెక్ట్ చేసి బ్రిడ్జ్ కనెక్షన్స్ నొక్కమని ఎవరైనా చెప్తే మాత్రం వినకండి. నేను నొక్కాను, నెట్టూ పోయింది టాలీ కూడా పోయింది, ఆ బ్రిడ్జ్ తీసేసేసరికి మధ్యాహ్నం అయింది. రెండూ కలిపితే డౌన్‌లోడ్ స్పీడ్ డబుల్ అవుతుందా అంటే, అవ్వదు, ఒక డౌన్‌లోడ్ ఒక దారిలోనే పోతుంది. ఇక కంపెనీ ల్యాప్‌టాప్‌లో కేబుల్ పెట్టగానే వైఫై దానంతట అదే కట్ అవుతుంటే అది మీ ఐటీ వాళ్ళు పెట్టిన పాలసీ అయ్యుండొచ్చు, లేదా బయోస్‌లో సెట్టింగ్, వాళ్ళని అడగండి, మీరు కెలకొద్దు.

ఇప్పుడు టెస్ట్. డేటా ఏ దారిలో పోతోందో చూపించే కమాండ్, ట్రేసర్ట్ (tracert) 8.8.8.8 కొడుతున్నా... మొదటి లైన్ చూడండి, 172.20.10.1, ఫోన్ మీద నుంచే పోతోంది. ఇటు టాలీ ఓపెన్ చేస్తున్నా, కంపెనీ వచ్చింది, అటు పోర్టల్లో ఓటీపీ పేజీ కూడా వచ్చేసింది, ఉండండి, ఓటీపీ ఫోన్‌కి వచ్చింది, ముందు అది కొట్టేస్తా.