బీటీఎస్ అంటే ప్రాణమిచ్చే పిల్లలతో ఎలా మాట్లాడాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. 2024 జనవరిలో తమిళనాడులోని కరూర్ జిల్లా నుంచి 13 ఏళ్ల అమ్మాయిలు ముగ్గురు ఇంట్లో చెప్పకుండా బయల్దేరారు. విశాఖపట్నంలో ఓడెక్కి కొరియా వెళ్లి, అక్కడి పాటల బృందం బీటీఎస్‌ను చూడాలని వాళ్ల ఆలోచన. చేతిలో ఉన్నది 14,000 రూపాయలు. చివరికి కాట్పాడి స్టేషన్లో పోలీసులకు దొరికారు. ఆ వార్త చదివి నవ్వుకున్నవాళ్లున్నారు. నాకైతే గుండె గుబేలుమంది. మేడమ్, మీ అమ్మాయి పదో తరగతి కదా?

తల్లి: అవునండీ. స్కూలు ఐడీ కార్డు వెనకాల బీటీఎస్‌లోని జిమిన్ ఫొటోకార్డు, అదే ఆల్బమ్‌తో పాటు వచ్చే చిన్న ఫొటో, పెట్టుకుంటుంది. ఒకసారి అది కనపడలేదని రాత్రి అన్నం మానేసింది. పబ్లిక్ పరీక్షలని నాకేమో ఒకటే టెన్షన్. ఫోన్ లాగేసుకున్నాను. దాంతో మాట్లాడటం కూడా మానేసింది.

కౌన్సెలర్: నా దగ్గరికి వచ్చే పిల్లల్ని ముందు "నీ బయాస్ ఎవరు?" అని అడుగుతానండీ. గ్రూపులో తమకు అందరికన్నా ఎక్కువ నచ్చినవాణ్ని వాళ్లలా అంటారు. ముడుచుకుని కూర్చున్న పిల్ల ఆ ఒక్క ప్రశ్నకి తలెత్తుతుంది. వాడు ఎందుకు నచ్చాడో చెబుతూ చెబుతూ తన సంగతులే చెప్పేస్తుంది. బీటీఎస్‌లోని షుగా తన డిప్రెషన్ గురించి దాచుకోకుండా పాడాడు. "అందుకే ఇష్టం" అని ఓ పిల్ల అందంటే, నేను ఆగి వినాల్సింది అక్కడే.

ఇంటర్ విద్యార్థిని: 2018లో బీటీఎస్ లీడర్ ఆర్ఎం ఐక్యరాజ్యసమితిలో మాట్లాడాడు. తొమ్మిది పదేళ్ల వయసు నుంచే ఎదుటివాళ్ల కళ్లతో తనను తాను చూసుకోవడం మొదలైందని చెప్పాడు. వీక్లీ టెస్ట్ ర్యాంకును బట్టి సెక్షన్ మార్చే కాలేజీలో చదువుతున్నాను నేను. ఆ మాట నా కోసమే అన్నట్టనిపించింది.

సంగీతం మాస్టారు: కాదనను తల్లీ. కానీ పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి దగ్గర దేవిశ్రీప్రసాద్ శిష్యరికం చేశాడు. ఆరాధించిన మనిషి ఎదురుగా కూర్చుని నేర్పాడు. 1999లో, ఇరవై నిండకుండానే, సినిమాకు సంగీతం చేయగలిగాడంటే ఆ పునాది ఉంది. ఫోన్లో కనిపించే మనిషి నీ అపస్వరాన్ని సరిదిద్దడు. నా బెంగంతా అదే.

ఇంటర్ విద్యార్థిని: సార్, మేం డాన్స్ ప్రాక్టీస్ వీడియోలు కూడా వదలకుండా చూస్తాం. మేకప్పూ సెట్టింగులూ ఉండవు. ప్రాక్టీస్ గదిలో మామూలు టీషర్టుల్లో చేస్తుంటారు. నేను కొరియన్ అక్షరాలు కూడా నేర్చుకున్నాను. హల్లునీ అచ్చునీ కలిపి ఒకే గడిలో రాస్తారు. గుణింతం వచ్చినవాళ్లకి పెద్ద కష్టం కాదు. పాటలు కూడా పాడతాను, కానీ ఇంట్లో ఎవరూ వినరు.

సంగీతం మాస్టారు: వినకపోవడం అన్యాయం. ఏ భాషైతేనేం, శ్రుతిలో ఉందో లేదో చెప్పేవాళ్లు ఒకరుండాలి కదా.

వ్యాఖ్యాత: మరి డబ్బు సంగతి?

కౌన్సెలర్: అక్కడ నేను గట్టిగానే చెబుతాను. ఆల్బమ్‌ లోపల ఎవరి కార్డు ఉంటుందో కొనేటప్పుడు తెలియదు. కావలసినవాడిది వచ్చేదాకా మళ్లీ మళ్లీ కొనిపించే ఏర్పాటు అది. పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో దగ్గర కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పాలి.

తల్లి: మరి ఫోన్ ఇచ్చేయమంటారా?

కౌన్సెలర్: ఇవ్వండి. రాత్రి పది దాటాక మాత్రం ఛార్జర్ హాల్లోనే, మీ ఫోన్‌తో సహా. ఆ ముగ్గురు పిల్లల సంగతే చూడండి. ఓడ ప్లాను వాళ్లకు తెలుసు, ఇంట్లో పెద్దవాళ్లకు తెలియదు. నాకు భయం పాటలంటే కాదు, ఆ చాటు అంటే. వారానికోసారి మీ అమ్మాయితో కలిసి మీరూ ఒక వీడియో చూడండి.

తల్లి: (విద్యార్థినితో) దేంతో మొదలుపెట్టమంటావమ్మా?

ఇంటర్ విద్యార్థిని: నన్ను కాదు ఆంటీ, తననే అడగండి. ఏది ముందు చూపించాలో తను ఎప్పుడో అనుకుని ఉంటుంది.