మిగులు బలం: గ్యాస్ సిలిండరు నుంచి కత్తిపీట దాకా

[దృశ్యం: విజయనగరం, గంట స్తంభానికి దగ్గరలో ఒక సందు. ఇంటి గుమ్మం ముందు ఎర్ర సిలిండరు దించి ఉంది.]

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంటికి వచ్చే వంటగ్యాస్ సిలిండరులో గ్యాస్ బరువు 14.2 కిలోలు. ఖాళీ సిలిండరు బరువు మరో 15 కిలోలకు పైగా ఉంటుంది కనుక, గడప దాటించి పొయ్యి దగ్గరకు చేర్చవలసిన మొత్తం సుమారు 30 కిలోలు. నేల మీది నుంచి 30 కిలోలకు మించి ఎత్తలేని మనిషికి ఈ పనితో ఉన్న బలమంతా అయిపోతుంది. 60 కిలోలు ఎత్తగలిగినవారికి సగం బలంతో తీరిపోతుంది, మాట్లాడుతూనే చేసేస్తారు. చేయగలిగినదానికీ, పని అడిగేదానికీ మధ్య ఉన్న ఈ తేడాను మనం మిగులు బలం అందాం.

[దృశ్యం: ఊరి జాతరలో సంగిడి రాయి ఎత్తుతున్న యువకుడు. పక్కన ఉలవల బస్తాలు.]

మన ప్రాంతంలో బలం అనగానే వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు గుర్తుకు వస్తారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో సాధన మొదలుపెట్టి, 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాలకు, ఆపైన తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారు గుర్తుకు వస్తారు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో ఆడపిల్లలు వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకోవడం ఎవరికీ వింతగా తోచదు. ఇంత ఘనమైన చరిత్ర ఉండి కూడా, బరువులెత్తడం పతకాలకు వెళ్ళేవారి పని అనుకుని మిగతావాళ్ళం పక్కకు తప్పుకున్నామేమో అని నాకు అనిపిస్తుంది.

[దృశ్యం: వంటగది నేల. కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్న పెద్దావిడ. కెమెరా ఆమె చేతుల మీద నిలుస్తుంది.]

ఈవిడ మా పెద్దమ్మ. తరగడం పూర్తయ్యాక లేచే తీరు గమనించండి. ముందు కుడి అరచేయి నేలకు ఆనింది, తరువాత ఒక మోకాలు, ఆపైన ఎడమ చేయి ద్వారబంధాన్ని వెతుక్కుంది. పదేళ్ళ క్రితం ఆ చేతిలో కూరల పళ్ళెం ఉండేది. ఇప్పుడు ముందుగా పళ్ళెం ఎవరికైనా అందించి, ఆ తరువాతే లేస్తుంది. దీనిని మోకాళ్ళ నొప్పి ఖాతాలో వేసేస్తాం. నొప్పి పాత్ర ఉండవచ్చు గానీ, తొడల్లో, పిరుదుల్లో మిగులు కరిగిపోవడం కూడా అంతే పెద్ద కారణం. సుమారు 30 ఏళ్ళు దాటాక, ఏ కసరత్తూ లేని శరీరంలో కండ పదేళ్ళకు 3 నుంచి 8 శాతం వరకు తగ్గుతుంది. 60 దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఈ తరుగుదల బయటకు కనిపించదు, ఎందుకంటే పోతున్నది మిగులే. అది పూర్తిగా ఖర్చయిన రోజున మాత్రం మనిషి పీట మీది నుంచి లేవలేక, "నిన్నటి దాకా బాగానే ఉన్నాను కదా" అని ఆశ్చర్యపోతాడు.

[దృశ్యం: వరి మడిలో ఊడ్పులు.]

పొలం పని చేసేవారికి కసరత్తు ఎందుకని అడిగేవారుంటారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే రోజంతా నడుం వంచి నాటే పని ఓర్పును పెంచుతుందే తప్ప, భారం ఏటా అంతే ఉంటుంది కనుక, ఒక స్థాయి దాటి బలాన్ని పెంచదు. కండ బలపడాలంటే అలవాటైన దానికంటే కాస్త ఎక్కువ భారం పడాలి, ఆ తరువాత విశ్రాంతి దొరకాలి. కూలి పనిలో అలసట దొరికినంత సులువుగా విశ్రాంతి దొరకదు.

లాభాలు ఎత్తడంతోనే ఆగవు. భోజనం తరువాత రక్తంలో చేరే చక్కెరలో పెద్ద భాగాన్ని దాచుకునేది కండరాలే. పైగా పనిచేస్తున్న కండ ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరను లాక్కోగలదు. మూడు పూటలా అన్నం తినే మన ఇళ్ళకు ఇది చిన్న విషయం కాదు. భారం పడిన ఎముక గట్టిపడుతుంది. కాలు జారినప్పుడు తూలి నిలదొక్కుకోవడానికీ, తుంటి విరగడానికీ మధ్య తేడా చాలాసార్లు కాళ్ళ బలమే.

[దృశ్యం: హాలులో చెక్క కుర్చీ, గోడకు ఆనించి ఉంది. దాని మీద రెండు దిండ్లు.]

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం, పెద్దవారు వారానికి కనీసం 2 రోజులు ముఖ్యమైన కండరాలన్నింటికీ పని చెప్పాలి. జిమ్ లేకపోయినా ఫరవాలేదు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, దిండ్లు వేసి ఎత్తు పెంచిన కుర్చీలో నుంచి ఊపు తీసుకోకుండా లేవాలి. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి, ఎందుకంటే దబ్బున కూలబడితే సగం కసరత్తు పోయినట్లే. ఇలా 8 లేక 10 సార్లు చేసి, కాస్త ఆగి, మళ్ళీ ఒకసారి. గోడకు అరచేతులు ఆనించి తోసే దండీలు, నీళ్ళు నింపిన బిందెను రెండు చేతులతో ఎత్తి దించడం దీనికి తోడు. ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవారూ, ఆపరేషన్ అయినవారూ ముందు తమ వైద్యుణ్ణి అడగాలి.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 100 గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైగా ఉంటాయి. అయితే ఉలవచారు తాగి గింజలను పశువులకు వేసే ఇళ్ళలో, ఆ బలంలో ఎక్కువ భాగం పశువులకే చేరుతోంది.

[దృశ్యం: మళ్ళీ పెద్దమ్మ. కుర్చీ మీది నుంచి చేతులు కట్టుకుని లేస్తోంది.]

మొదటి కొన్ని వారాల్లో కండ పెద్దగా పెరగదు. ఉన్న కండను మెదడూ నరాలూ మెరుగ్గా వాడుకోవడం నేర్చుకుంటాయి. అందుకే అద్దంలో ఏమీ కనిపించకపోయినా లేవడం తేలికవుతుంది. రెండు దిండ్ల ఎత్తు నుంచి 10 సార్లు సునాయాసంగా లేవగలిగిన రోజున, ఒక దిండు తీసేయాలి.

[దృశ్యం: పెద్దమ్మ పై దిండు తీసి, పక్కనున్న మంచం మీదకు విసిరి, మళ్ళీ కూర్చుంటుంది.]