ఆటలోంచి ఊయలలోకి: పిల్లలకు వీడియో గేమ్ పాత్రల పేర్లు

[తెరపై: జెల్డా రాకుమారి చిత్రం]

నమస్కారం. హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ 1989లో తనకు కూతురు పుట్టినప్పుడు, ఎంతో ఇష్టంగా ఆడుకునే, జపాన్ సంస్థ నింటెండో వారి ఆటలోని రాకుమారి జెల్డా పేరునే ఆ పాపకు పెట్టారు. ఆ వరుసలోని ఒక పాత ఆట 2011లో కొత్త హంగులతో మళ్లీ వచ్చినప్పుడు తండ్రీకూతుళ్లిద్దరూ నింటెండో ప్రకటనలో కనిపించి, ఈ పేరు వెనుక కథను తామే చెప్పారు. అందుకే ఆటల పేర్లు పెట్టుకునే అలవాటు గురించి ఎవరు మాట్లాడినా ముందుగా జెల్డా పేరే వినిపిస్తుంది. ఆ ఆటలో కత్తి పట్టి తిరిగే కుర్రవాడే జెల్డా అని పొరబడేవారు ఇప్పటికీ ఉన్నారు కానీ, అతని పేరు లింక్.

అయితే ఆ పేరు ఆటలో పుట్టింది కాదు. 1986లో విడుదలైన ఆ ఆట రూపకర్త షిగెరు మియామోటో, అమెరికన్ రచయిత ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డ్ భార్య జెల్డా పేరు వినసొంపుగా ఉందని దానిని రాకుమారికి పెట్టుకున్నట్లు చెప్పారు. అంటే 1900లో అలబామాలో పుట్టిన ఒక స్త్రీ పేరు జపాన్ వారి ఆటలోకి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ అమెరికాలోని ఒక ఇంటికి చేరుకుంది. మారియో సంగతీ ఇలాంటిదే. 1981 నాటి ‘డాంకీ కాంగ్’లో మొదట జంప్‌మ్యాన్ అని పిలిచిన పాత్రకు, వాషింగ్టన్ రాష్ట్రంలో నింటెండో అద్దెకు తీసుకున్న గిడ్డంగి యజమాని మారియో సెగాలీ పేరు స్థిరపడింది.

[తెరపై: ఏజియో, లారా, ఏలాయ్ పేర్లు ఒకదాని తరువాత ఒకటి]

నా అభిప్రాయంలో ఆటలు పేర్లను సృష్టించడం కంటే, ఉన్న పేర్లను కొత్త తరానికి వినిపించడమే ఎక్కువగా చేస్తాయి. మనుషుల మీద నిలిచేవి కూడా ఆ పేర్లే. 2009లో వచ్చిన ‘అసాసిన్స్ క్రీడ్ 2’ కథానాయకుడు ఏజియో పేరు ఇటలీలో పాతదే, దాని మూలం రోమన్ సేనాని ఏటియస్ పేరులో ఉంది. 1996 నాటి ‘టూంబ్ రైడర్’ నాయికను మొదట లారా క్రూజ్ అనుకుని, బ్రిటన్‌కు తగినట్లుగా లారా క్రాఫ్ట్‌గా మార్చారు. ఇలాంటి పేరు గల పిల్ల బడికి వెళితే, అది ఆటలోని పేరని ఆడినవారికి తప్ప ఎవరికీ తట్టదు. 2017లో వచ్చిన ‘హొరైజన్ జీరో డాన్’ నాయిక ఏలాయ్ వంటి కల్పిత పేర్లకు ఆ చాటు లేదు కనుక, ఆ పిల్ల తన పేరు ఎక్కడిదో జీవితాంతం వివరించవలసి రావచ్చు.

అసలు చిక్కు కంపెనీలే పేరుకు వెల కట్టినప్పుడు వచ్చింది. 2002లో అక్లెయిమ్ సంస్థ తన కొత్త ఆట విడుదల రోజున పుట్టి, ఆ ఆట పేరులోని టూరోక్ అనే పేరు పొందిన మొదటి శిశువుకు 10,000 డాలర్ల పొదుపు బాండ్లు ఇస్తామని ప్రకటించింది. రెండేళ్లకే, 2004లో, ఆ సంస్థ దివాళా తీసింది. బెథెస్డా సంస్థ మరో మెట్టు పైకి వెళ్లి, ‘స్కైరిమ్’ విడుదలైన 2011 నవంబర్ 11న పుట్టిన బిడ్డకు, ఆ ఆట కోసం కల్పించిన డ్రాగన్ల భాషలోని డోవాకీన్ అనే పేరు పెడితే, తమ ఆటలన్నీ జీవితాంతం ఉచితమని చెప్పింది. ఒక జంట నిజంగానే పెట్టి బహుమతి గెలుచుకుంది. ఆటలు ఆడేది తల్లిదండ్రులైతే పేరు మోసేది బిడ్డ కనుక, ఇది నాకు సరదాగా తోచదు.

[తెరపై: అమెరికా సామాజిక భద్రతా సంస్థ పేర్ల పట్టిక]

ఈ పేర్లు ఎంతమందికి ఉన్నాయో తెలుసుకోవడానికి అమెరికా సామాజిక భద్రతా సంస్థ ఏటా విడుదల చేసే పట్టికలు ఉపయోగపడతాయి. ఒక ఏడాదిలో కనీసం 5 మందికి పెట్టిన పేర్లే వాటిలో ఉంటాయి, పైగా పేరు ఎందుకు పెట్టారన్నది అక్కడ నమోదు కాదు. ఎల్లీ అనే అమ్మాయికి ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ ఆటలోని ఎల్లీని చూసి పేరు పెట్టారో, అమ్మమ్మ పేరే పెట్టారో అంకెలు చెప్పలేవు. ఫలానా ఆట వల్ల ఫలానా పేరు పెరిగిందనే శీర్షికలను కాస్త అనుమానంతోనే చదవాలి.

జపాన్‌లో వింత పేర్ల సంగతి చట్టం దాకా వెళ్లింది. అక్కడ కుటుంబ నమోదు పత్రంలో పేరును చైనా లిపి అక్షరాలలో రాస్తారు కానీ, ఎలా పలకాలన్నది నిన్నమొన్నటి వరకు అందులో ఉండేది కాదు. వెలుగు, అంతరిక్షం అనే అర్థాలున్న రెండు అక్షరాలను, పోకెమాన్ ఆటలలోని పాత్ర పేరైన పికాచూ అని చదివించడం ఈ చర్చలో తరచుగా వినిపించే ఉదాహరణ. 2025 మే 26 నుంచి ఉచ్చారణను కూడా నమోదు చేయాలని, అది సాధారణంగా గుర్తింపు ఉన్నదై ఉండాలని నియమం వచ్చింది.

[తెరపై: ‘ఓవర్‌వాచ్’ ఆటలోని సిమెట్రా]

తెలుగు తల్లిదండ్రులకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. ‘ఓవర్‌వాచ్’ ఆటలోని సిమెట్రా అసలు పేరు సత్య. కథ ప్రకారం ఆమె పుట్టింది హైదరాబాద్‌లో, ఇంటిపేరు వాస్వానీ మాత్రం సింధీలది. ‘ఏపెక్స్ లెజెండ్స్’లో రాంపార్ట్ పేరు రమ్య, ‘వాలరెంట్’లో హార్బర్ పేరు వరుణ్. వీటిలో ఏది పెట్టినా తాతయ్యకు మనవడి పేరో మనవరాలి పేరో మాత్రమే వినిపిస్తుంది, ఆట గుట్టు తల్లిదండ్రుల దగ్గరే ఉంటుంది. నక్షత్ర పాదం చూసి పేరు పెట్టే ఇళ్లలోనూ దారి లేకపోలేదు: అశ్విని నాలుగో పాదానికి లారా, కృత్తిక నాలుగో పాదానికి ఏజియో సరిపోతాయి. పురోహితుడు ఏమంటారో నేను హామీ ఇవ్వలేను.

మన దేశంలో జనన నమోదు సమయానికి పేరు తేలకపోయినా ఇబ్బంది లేదు. నమోదైన 12 నెలల లోపు రుసుము లేకుండానూ, ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతోనూ పేరు చేర్పించుకోవచ్చు. కనుక ఆట సగంలో ఉండగా తొందరపడకుండా, చివరి అంకం దాకా ఆడి, ఆ పాత్ర అక్కడ ద్రోహిగా తేలలేదని చూసుకున్నాకే ధ్రువపత్రంలో పేరు రాయించుకోండి.